తవ్వకముందు చెప్పిన మాట

సింహాచలం కొండకూ, అరకు, చింతపల్లి కొండలకూ రాయి ఒకటే. భూగర్భ శాస్త్రంలో దాన్ని ఖోండలైట్ అంటారు. తూర్పు కనుమల్లో తరతరాలుగా ఉంటున్న ఖోండు ప్రజల పేరే ఆ రాయికి వచ్చింది. సింహాచలం కొండ మీది గంగధార, మాధవధార ఊటలు పుట్టేది ఈ రాతి పగుళ్లలోంచే. అదే రాయి సముద్రమట్టానికి 900 మీటర్ల నుంచి 1,400 మీటర్ల ఎత్తుకు లేచిన చోట, కోట్ల ఏళ్ల వానలకు నాని, సిలికా కరిగి కొట్టుకుపోయి, పైన ఎర్రగా బాక్సైట్ మిగిలింది. సింహాచలం కొండ చుట్టూ ఏటా ఆషాఢ పౌర్ణమికి లక్షల మంది 32 కిలోమీటర్లు నడిచి ప్రదక్షిణ చేస్తారు. పైన మన్యంలోనూ కొండను దేవతగానే కొలుస్తారు. ఆ కొండలను మాత్రం బయటి లోకం యాభై ఏళ్లుగా టన్నుల్లో లెక్కపెడుతోంది.

ఆ కొండల కోసం జరిగిన పోరాటాన్ని, గెలిచిన తీర్పును, ఆ గెలుపు చుట్టూ తవ్విన దొడ్డిదారులను ఒక్కచోట పెట్టి చూడాలన్నది ఈ వ్యాసం ప్రయత్నం. అయితే ముందు దక్షిణ అమెరికా అడవిలోకి ఒకసారి వెళ్లి రావాలి. అందుకు కారణం విశాఖలోనే ఉంది. మల్కాపురం దగ్గర చమురు శుద్ధి కర్మాగారం 1957లో మొదలైనప్పుడు అది కాల్టెక్స్‌ది. మా పెద్దవాళ్లు ఇప్పటికీ దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. టెక్సాకో, స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ కాలిఫోర్నియా కలిసి పెట్టుకున్న ఉమ్మడి సంస్థ కాల్టెక్స్. 1970లలో జాతీయమై హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. ఆ ఇద్దరు భాగస్వాముల్లో ఒకటైన టెక్సాకో సరిగ్గా ఆ రోజుల్లోనే ఈక్వెడార్ దేశపు అమెజాన్ అడవిలో బావులు తవ్వుతోంది.

టెక్సాకో అక్కడ 1964లో అడుగుపెట్టింది. 1967లో చమురు పడింది. 1972 నాటికి పైపులైను ఆండీస్ పర్వతాలు దాటి పసిఫిక్ తీరం చేరింది. చమురుతో పాటు భూమిలోంచి ఉప్పునీరు, అందులో కరిగిన విషపదార్థాలు పైకి వస్తాయి. ఆ నీటిని తిరిగి భూమి లోతుల్లోకి ఎక్కించే పద్ధతి అప్పటికే ఉంది. దానికి డబ్బు ఖర్చవుతుంది కనుక వాగుల్లోకి వదిలారు. వ్యర్థాలను అడుగున పూత లేని గుంతల్లో నింపారు. కోఫాన్, సియోనా, సెకోయా ప్రజలు తాగేది, స్నానం చేసేది, చేపలు పట్టేది ఆ వాగుల్లోనే. 1992లో కంపెనీ దేశం వదిలి వెళ్లింది. మరుసటి ఏడాది సుమారు 30,000 మంది తరఫున న్యూయార్క్ కోర్టులో దావా పడింది. తొమ్మిదేళ్ల తర్వాత, మీ దేశంలోనే తేల్చుకోండని అమెరికా కోర్టులు పంపేశాయి. 2011లో లాగో ఆగ్రియో పట్టణంలోని కోర్టు ప్రజల పక్షాన తీర్పిచ్చింది. 2013లో ఆ దేశపు ఉన్నత న్యాయస్థానం పరిహారాన్ని 950 కోట్ల డాలర్ల దగ్గర ఖాయం చేసింది.

ఆ డబ్బు ఎవరికీ అందలేదు. టెక్సాకోను కలిపేసుకున్న షెవ్రాన్‌కు అప్పటికి ఈక్వెడార్‌లో ఆస్తులే లేవు. తీర్పును మోసంతో సంపాదించారని 2014లో అమెరికా న్యాయమూర్తి ఒకరు తేల్చారు. 2018లో హేగ్ మధ్యవర్తిత్వ ట్రైబ్యునల్ కూడా కంపెనీ వైపే మొగ్గింది. తమ వాటా శుభ్రత పనులు 1990లలోనే పూర్తిచేసి ప్రభుత్వం దగ్గర విడుదల పత్రం తీసుకున్నామన్నది కంపెనీ వాదన. న్యాయవాదుల తప్పొప్పుల మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, ముప్పై ఏళ్ల వ్యాజ్యం తర్వాత కూడా అడవిలో నల్లటి గుంతలు మిగిలే ఉన్నాయి.

అదే అడవిలో తర్వాతి తరం దారి మార్చింది. వావ్‌రానీ ప్రజలు చమురు తీశాక కోర్టుకెళ్లలేదు, తీయకముందే వెళ్లారు. తమ భూమిని వేలానికి పెట్టే ముందు తమను సరిగ్గా సంప్రదించలేదని వాదించి 2019 ఏప్రిల్‌లో గెలిచారు. సుమారు 5 లక్షల ఎకరాల అడవి వేలం నుంచి బయటపడింది. ఆ పోరాటానికి ముందు నిలిచిన నెమోంతే నెన్‌కిమోకు 2020లో గోల్డ్‌మన్ బహుమతి వచ్చింది. 2023 ఆగస్టులో ఈక్వెడార్ ప్రజలందరూ ఓటు వేసి, దాదాపు 59 శాతం మెజారిటీతో యాసునీ అడవిలోని ఒక చమురు క్షేత్రాన్ని ఆపమన్నారు. విషం పారాక అడిగే పరిహారానికీ, ముందే చెప్పే ‘వద్దు’కూ ఉన్న తేడా ఈ రెండు తరాల మధ్య కనిపిస్తుంది. విశాఖ మన్యం చరిత్రను నేను చదివేది ఆ తేడా దగ్గర నిలబడే.

ఇక మన కొండలు. గాలికొండ, రక్తకొండ, చిత్తంగొంది అరకు వైపు. జెర్రెల చింతపల్లి వైపు. సప్పర్ల, గూడెం సీలేరు దారిలో. 1970లలో భూగర్భ సర్వే వాళ్లు ఇక్కడి బాక్సైట్‌ను లెక్కగట్టారు. 50 కోట్ల టన్నులకు పైగా ఉందన్నారు. సోవియట్ యూనియన్ సాయంతో తవ్వాలన్న ఆలోచన ఒక దశలో సాగింది. సరిహద్దుకు అవతల ఒడిశాలో నాల్కో 1981లో ఏర్పడి దామన్‌జోడిలో పని మొదలుపెట్టింది. ఇవతల మాత్రం కొండలు అలాగే ఉండిపోయాయి.

ఈ కొండల సంగతి తెలియాలంటే నీటి దగ్గర మొదలుపెట్టాలి. బాక్సైట్ గుల్ల రాయి. వానాకాలంలో స్పంజిలా నీళ్లు పీల్చుకుని, కింది గట్టి పొర తగిలిన చోట పక్కలకు వదులుతుంది. అందుకే శిఖరం మీద గడ్డి తప్ప ఏమీ లేనట్టు కనిపించే కొండకు నడుము దగ్గర ఎండాకాలం కూడా ఊటలు ఆరవు. ఆ ఊటల కింద గెడ్డలు, గెడ్డల పక్కన వరి మళ్లు, పైన చోళ్లు, సామలు, వలిసెలు, నీడచెట్ల కింద కాఫీ, కాఫీ మీదికి పాకిన మిరియాల తీగ. 1960లలో ప్రయోగంగా మొదలైన కాఫీ పాడేరులోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) చొరవతో లక్ష ఎకరాలు దాటింది. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. పోడు తప్ప ఏమీ తెలియదని ఒకప్పుడు అధికారులు రాసిన మనుషులే ఈ పంటను నిలబెట్టారు.

గెడ్డలు కొండ దగ్గర ఆగవు. అనంతగిరి కొండల్లో పుట్టే గోస్తని బొర్రా గుహలను తొలిచి, తాటిపూడి జలాశయంలో నిలిచి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. శారద రైవాడ జలాశయాన్ని నింపుతుంది. తాటిపూడి, రైవాడ రెండూ విశాఖ నగరానికి మంచినీళ్లిస్తాయి. వరాహ, తాండవ నదులు నర్సీపట్నం వైపు పొలాలను తడుపుతాయి. పడమటి వాలు నీళ్లు మాచ్‌ఖండ్, సీలేరు అయి గోదావరిలో చేరతాయి. మన్యం మీద జరిగే ప్రతి నిర్ణయం మన కుళాయి మీద కూడా జరుగుతుంది. ఈ సంగతి నగరంలో జరిగిన చర్చల్లో ఎంత తక్కువగా వినపడిందో తలచుకుంటే నాకు బాధ కలుగుతుంది.

నగరం అడవితో సంబంధం పెట్టుకోలేదని కాదు. 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు దించి జపాన్‌కు పంపడానికే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వేశారు. ఈ రోజు పర్యాటకులు అద్దాల పెట్టెల్లో కూర్చుని చూసే సొరంగాలు ఆ ఖనిజం కోసం తొలిచినవే. తర్వాత అదే బైలదిల్లా నుంచి 267 కిలోమీటర్ల గొట్టంలో ఖనిజాన్ని బురదగా చేసి విశాఖకు దించారు. కిందికి వచ్చే దారులు ఎప్పుడో పడ్డాయి. డోలీలో గర్భిణిని మోసుకెళ్లే ఊళ్లు మాత్రం ఇంకా ఉన్నాయి.

పోరాటం మొదట బాక్సైట్ మీద రాలేదు, కాల్సైట్ మీద వచ్చింది. అనంతగిరి మండలం బొర్రా పంచాయతీలో, బొర్రా రిజర్వు అడవిలోని 14 గ్రామాల చుట్టూ ప్రభుత్వం ప్రైవేటు వ్యక్తులకు గనుల లీజులిచ్చింది. తాతల నాటి నుంచి సాగు చేస్తున్నా చాలామందికి పట్టాల్లేవు. కాగితం మీద అది అడవి, ప్రభుత్వ భూమి. తమ మెట్టల్లో తామే రోజుకూలీలుగా రాళ్లు కొట్టే స్థితి వచ్చింది. నిమ్మలపాడులో బిర్లా పెరిక్లేజ్ కంపెనీకి కాల్సైట్ లీజు దక్కింది. ఊరివాళ్లు ఎదురు తిరిగారు. రవి రెబ్బాప్రగడ నడుపుతున్న ‘సమత’ సంస్థ వాళ్లతో నిలబడి హైకోర్టుకు వెళ్లింది. 1995లో హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టుకు వెళ్లారు.

1997 జూలై 11న వచ్చిన తీర్పు ఈ దేశపు ఆదివాసీ హక్కుల చరిత్రలో ఒక మలుపు. అసలు ప్రశ్న చిన్నది. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతాల భూ బదలాయింపు నిబంధన 1959లో వచ్చింది, 1970లో గట్టిపడింది. మన్యంలో దాన్ని అందరూ 1/70 అనే పిలుస్తారు. గిరిజనేతరులకు భూమి బదలాయింపు చెల్లదని అది చెబుతుంది. ఏ ‘వ్యక్తీ’ అలా బదలాయించరాదన్న మాటలో ప్రభుత్వం కూడా వస్తుందా? వస్తుందన్నారు జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ సగీర్ అహ్మద్. రాదన్నారు జస్టిస్ జి.బి. పట్నాయక్. ఇద్దరి మాట నెగ్గింది. ప్రభుత్వ భూమి అయినా, అటవీ భూమి అయినా, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రైవేటు కంపెనీకి గని లీజు ఇవ్వడానికి వీల్లేదు, ఇచ్చినవి చెల్లవు. ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ గానీ, గిరిజనుల సహకార సంఘాలు గానీ తవ్వుకోవచ్చు. అప్పుడు కూడా నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతపు నీళ్లకు, బడులకు, ఆసుపత్రులకు, రోడ్లకు శాశ్వత నిధిగా పక్కన పెట్టాలి.

ఈ తీర్పు గాలిలోంచి ఊడిపడలేదు. వెనుక నూరేళ్ల చరిత్ర ఉంది. 1882 మద్రాసు అటవీ చట్టం పోడును నేరం చేసింది. 1879–80 రంప తిరుగుబాటు, ఆ తర్వాత 1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడితో మొదలైన అల్లూరి సీతారామరాజు పోరు, అడవి మీద హక్కు ఎవరిదన్న ప్రశ్ననే తుపాకీ ముందు నిలబెట్టాయి. 1917లోనే బ్రిటిష్ వాళ్లు ఏజెన్సీ భూముల బదలాయింపు మీద చట్టం తెచ్చారు. రాజ్యాంగం అయిదో షెడ్యూలుతో గవర్నరుకు ప్రత్యేక అధికారాలిచ్చింది. ఆ షెడ్యూలు కింద వచ్చిందే 1/70. నిమ్మలపాడు మనుషులు ఈ మొత్తం వారసత్వాన్ని ఒక్క కేసులో వాడుకున్నారు.

తీర్పును వదిలించుకునే ప్రయత్నాలు వెంటనే మొదలయ్యాయి. పునఃపరిశీలన కోరుతూ వేసిన పిటిషన్లను 2000లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. అదే ఏడాది కేంద్ర గనుల శాఖలో అయిదో షెడ్యూలునే సవరించాలన్న ప్రతిపాదన కదిలి, బయటపడి, దేశమంతా వ్యతిరేకత వచ్చాక మూలపడింది. 2001లో ఛత్తీస్‌గఢ్‌కు చెందిన బాల్కో కేసులో మరో ధర్మాసనం, సమత తీర్పులోని మెజారిటీ అభిప్రాయం మీద తన సందేహాలను రాతపూర్వకంగానే పెట్టింది. న్యాయంలో కూడా ఈ గెలుపు కొండ అంచున నిలబడ్డ ఇల్లే.

నా దృష్టిలో తీర్పులోని బలహీన స్థానం మరోటి. ‘ప్రభుత్వ సంస్థ తవ్వుకోవచ్చు’ అన్న వాక్యం. ఆ సందులోంచే 2005లో బాక్సైట్ కథ తిరిగి నడిచింది. ఆ ఏడాది వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం జిందాల్ సంస్థతో అవగాహన ఒప్పందం చేసుకుంది. 2007లో రస్ అల్ ఖైమా పెట్టుబడి సంస్థతో మరో ఒప్పందం జరిగి ఆన్‌రాక్ అల్యూమినియం పుట్టింది. లీజు కంపెనీల పేరున ఉండదు. రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ ఏపీఎండీసీ తవ్వుతుంది, కంపెనీలకు అమ్ముతుంది. అక్షరం ప్రకారం తీర్పు నిలిచింది. కొండ ఎవరి కోసం తవ్వుతారో ముందే రాసిపెట్టుకున్న ఒప్పందంలో తీర్పు ఆత్మ ఎక్కడుందో చెప్పడం కష్టం. విశాఖలో ఉంటున్న మాజీ ఐఏఎస్ అధికారి ఇ.ఎ.ఎస్. శర్మ ఏళ్ల తరబడి ప్రభుత్వాలకు లేఖలు రాసి ఈ సంగతినే గుర్తు చేశారు. 1/70 గురించి తెలుగులో సామాన్యుడికి అర్థమయ్యేలా రాసిన కె. బాలగోపాల్, ఆయన స్థాపించిన మానవ హక్కుల వేదిక ఇదే ప్రశ్నను ఊరూరా తీసుకెళ్లాయి.

శుద్ధి కర్మాగారాలు మైదానంలో పెట్టాలనుకున్నారు. జిందాల్‌ది శృంగవరపుకోట దగ్గర బొడ్డవరలో, ఆన్‌రాక్‌ది నర్సీపట్నం దగ్గర మాకవరపాలెంలో. బొడ్డవరలో భూములు పోయాయి, కర్మాగారం రాలేదు. మాకవరపాలెంలో కర్మాగారం లేచింది, ఖనిజం రాక ఏళ్ల తరబడి ఆగింది. గల్ఫ్ పెట్టుబడిదారు అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి నోటీసిచ్చాడు. హేగ్‌లో షెవ్రాన్ వాడిన ఆయుధం లాంటిదే మన మాకవరపాలెం మీదా పనికొచ్చింది. ఊళ్లు కాదన్నందుకు దేశం బయటి ట్రైబ్యునల్‌లో దేశమే జవాబు చెప్పుకోవాలి. ఇలాంటి ఒప్పందాల మీద సంతకం పెట్టేవాళ్లు మన్యంలో ఎవరినీ అడగరు.

రాజకీయ పక్షాల తీరు గురించి రెండు మాటలు చాలు. 2005–07లో ఒప్పందాలు చేసింది కాంగ్రెస్ ప్రభుత్వం. 2011లో ప్రతిపక్షంలో ఉన్న చంద్రబాబునాయుడు వాటిని రద్దు చేయమని గవర్నరుకు లేఖ రాశారు. 2015 నవంబరు 5న ఆయన ప్రభుత్వమే జీవో 97 ఇచ్చింది. జెర్రెల ప్రాంతంలో 1,212 హెక్టార్ల అటవీ భూమిని బాక్సైట్ కోసం ఏపీఎండీసీకి అప్పగించే ఉత్తర్వు అది. మన్యం భగ్గుమంది. బంద్‌లు జరిగాయి. ప్రతిపక్షంలో ఉన్న జగన్‌మోహనరెడ్డి చింతపల్లిలో సభ పెట్టి వ్యతిరేకించారు. ప్రభుత్వం జీవోను పక్కన పెట్టింది. 2019లో జగన్ ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. అధికారంలో ఉన్నప్పుడు తవ్వకం, దిగాక అడవి. ఈ రెండు కుర్చీల మధ్య మారనివాళ్లు ఊళ్లలోని మనుషులే.

ఈ వరుసలో ఒక్క మినహాయింపు చెప్పాలి. పార్వతీపురం ప్రాంతపు నాయకుడు, అప్పటి కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రి కిశోర్ చంద్రదేవ్ 2012లో గవర్నర్ ఇ.ఎస్.ఎల్. నరసింహన్‌కు లేఖ రాశారు. అయిదో షెడ్యూలు కింద ఉన్న అధికారాలతో తన పార్టీ ప్రభుత్వం చేసుకున్న ఒప్పందాలనే రద్దు చేయమన్నారు. గవర్నరు అధికారాలు రాజ్యాంగంలో ఉన్నంత బలంగా పనిలో ఎప్పుడూ లేవని ఆ లేఖకు పట్టిన గతే చెబుతుంది.

తవ్వాలనేవాళ్ల వాదనను తేలిగ్గా తోసేయడం నాకు ఇష్టం లేదు. అల్యూమినియం అందరికీ కావాలి. కరెంటు తీగలకు, బండ్లకు, వంటింటి గిన్నెలకు. మన్యంలో బడులు చాలవు, ఆసుపత్రి దూరం, చదువుకున్న కుర్రాళ్లకు పని లేదు. బాక్సైట్ ఉన్న శిఖరాలు దాదాపు బోడిగా ఉంటాయనీ, పొరను తీశాక మట్టి కప్పి మొక్కలు నాటవచ్చనీ అంటారు. ఇందులో కొంత నిజం ఉంది. కానీ శిఖరం బోడిగా ఉన్నంత మాత్రాన అది పనిలేనిది కాదు. నీళ్లు దాచేది ఆ బోడి నెత్తే. మొక్కలు నాటి పచ్చదనం తేవచ్చు. తీసేసిన గుల్ల పొరను తిరిగి పేర్చలేం. ఒక టన్ను అల్యూమినియానికి 2 టన్నుల అల్యూమినా, దానికి నాలుగు నుంచి ఆరు టన్నుల బాక్సైట్ కావాలి. ప్రతి టన్ను అల్యూమినాకు టన్ను అటూ ఇటూగా సోడా కలిసిన ఎర్ర బురద మిగులుతుంది. అది మైదానంలో నిలవ ఉంటుంది. 2010 అక్టోబరు 4న హంగరీలోని అయ్‌కాలో అలాంటి బురద చెరువు గట్టు తెగి ఊళ్ల మీద పడింది. 10 మంది చనిపోయారు. లోహంగా మార్చడానికి టన్నుకు 13,000 యూనిట్లకు పైగా కరెంటు కాలుతుంది. ఉద్యోగాల లెక్కలో ఈ అంకెలన్నీ వేయాలి. కాఫీ, మిరియాలు, పసుపు ఏటా ఇంటింటికీ తెచ్చే రాబడిని కూడా వేయాలి. గని ముప్పై ఏళ్లకో నలభై ఏళ్లకో అయిపోతుంది. కాఫీ తోట అలా ఒక తేదీన అయిపోదు.

హింస గురించి మాట్లాడకుండా ఈ సమీక్ష పూర్తికాదు. మావోయిస్టులు బాక్సైట్‌ను తమ ప్రధాన నినాదాల్లో ఒకటి చేసుకున్నారు. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగూడ మండలం లిప్పిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను కాల్చి చంపారు. ఇద్దరూ గిరిజన నాయకులే. ఆ హత్యలను సమర్థించే వాదన ఏదీ నాకు ఒప్పుకోదగ్గదిగా కనిపించదు. తుపాకీ వచ్చిన ప్రతిసారీ పోలీసు బలగాలు పెరుగుతాయి. గ్రామసభలో నోరు విప్పిన మనిషి మీద అనుమానపు చూపు పడుతుంది. కోర్టుకు వెళ్లిన నిమ్మలపాడు పాతికేళ్లకు పైగా నిలబెట్టిన రక్షణను ఏ దళమూ తేలేకపోయింది.

ఒడిశా వైపు చూస్తే ఈ పోరాటపు రెండు చివరలూ కనిపిస్తాయి. కాశీపూర్‌లో బాక్సైట్‌ను వ్యతిరేకించిన ఆదివాసీల మీద 2000 డిసెంబరు 16న మైకంచ్‌లో పోలీసులు కాల్పులు జరిపితే ముగ్గురు చనిపోయారు. నియమగిరిలో డోంగ్రియా కోంధులు వేదాంత కంపెనీ బాక్సైట్ గనిని ఆపారు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభల మాట అడగమంది. ఆ వేసవి దాటాక జరిగిన 12 గ్రామసభలూ వద్దన్నాయి. 2006 అటవీ హక్కుల చట్టం కాగితం దాటి నిజమైన సందర్భం అది. జెర్రెలలో ఆ పరీక్ష జరగనే లేదు. జీవో వెనక్కు పోవడంతో ఊళ్ల మాటకు రాతపూర్వకమైన చట్టబలం దొరకలేదు. ప్రభుత్వం దయతలచి ఆపినట్టే మిగిలింది. 1997 గెలుపు కన్నా 2019 రద్దు బలహీనమైనదని నేను అనడానికి కారణం ఇదే. ఒక ఉత్తర్వు తీసేసిన దాన్ని మరో ఉత్తర్వు తిరిగి తేగలదు.

నగరానికి తిరిగి వద్దాం. 2020 మే 7 తెల్లవారుజామున, సింహాచలం కొండకు దగ్గరలోనే, గోపాలపట్నం పక్కన ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊళ్ల మీద పడింది. స్టైరీన్ చమురులోంచి తీసే రసాయనమే. 12 మంది ప్రాణాలు పోయాయి, వందల మంది ఆసుపత్రుల్లో చేరారు. అంతకుముందు 1997 సెప్టెంబరు 14న, సమత తీర్పు వచ్చిన రెండు నెలలకే, హెచ్‌పీసీఎల్ శుద్ధి కర్మాగారంలో గ్యాస్ మంటలు పదుల ప్రాణాలు తీశాయి. గోదావరి లంకల్లో 1995 జనవరి 8న పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. అదే లంకల్లో నగరం అనే ఊళ్లో 2014 జూన్ 27న గ్యాస్ పైపు పేలింది. ఇక్కడి ఊళ్లలో ఎవరినీ ముందుగా గ్రామసభ పెట్టి అడగలేదు. అడగాలన్న చట్టం మైదానంలో లేదు. నక్కపల్లి తీరంలో రాజయ్యపేట మత్స్యకారులు ఔషధ పరిశ్రమల వ్యర్థాల గొట్టాలను ఎదిరిస్తూ అడిగేది అదే: పోశాక పరిహారం మాటెందుకు, పోయకముందు మా మాట వినండి. మన్యం ప్రజలకున్న చట్టాన్ని చూసి అసూయపడే స్థితిలో తీరప్రాంతం ఉంది.

ఆ చట్టం కూడా సన్నబడుతోంది. అటవీ భూమిని మళ్లించే ముందు గ్రామసభల సమ్మతి తీసుకోవాలని 2009లో కేంద్రం ఇచ్చిన ఆదేశం ఒక గట్టి మెట్టు. 2022లో వచ్చిన అటవీ సంరక్షణ నిబంధనలు కేంద్రం అనుమతిచ్చే ముందు ఆ సమ్మతి చూడాల్సిన పని లేకుండా చేసి, బాధ్యతను రాష్ట్రం మీదికి, చివరి దశకు నెట్టాయి. అనుమతి వచ్చేశాక, టెండరు తేలాక, యంత్రాలు ఘాట్ ఎక్కాక అడిగే సమ్మతిలో కాదనే స్వేచ్ఛ ఎంత ఉంటుంది? 2023లో అటవీ సంరక్షణ చట్టాన్నే సవరించారు.

కొత్త ప్రాజెక్టులు కూడా పచ్చ రంగుతో వస్తున్నాయి. సౌర విద్యుత్తును నిలవ చేయడానికి కొండ మీద ఒక జలాశయం, కింద ఒకటి కట్టే పంప్డ్ స్టోరేజీ పథకాలు పెదకోట, ఎర్రవరం లాంటి చోట్లకు వచ్చాయి. బొగ్గు మానాలంటే కరెంటును నిలవ చేయక తప్పదు, అది నేనూ ఒప్పుకుంటాను. అయినా కంపెనీ పేరు ముందు, గ్రామసభ తర్వాత అన్న వరుస మాత్రం 2005 నాటిదే. ఊళ్లలో వ్యతిరేకత లేచింది అందుకే. బాక్సైట్‌కు పనికిరాదన్న పద్ధతి బ్యాటరీకి ఎలా పనికొస్తుంది?

మరో సందు చట్టం అంచుల్లో ఉంది. కొండల పాదాల దగ్గర నాతవరం, రోలుగుంట, రావికమతం, మాడుగుల, దేవరాపల్లి మండలాల్లో గిరిజన గూడేలున్నాయి. మనుషులు అవే తెగలు, గెడ్డలు అవే. కానీ అయిదో షెడ్యూలు గీత వాళ్లకు పైనే ఆగిపోయింది. అక్కడ 1/70 లేదు, సమత తీర్పు లేదు, షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీ చట్టం పెసా లేదు. నాతవరం మండలం భమిడికలో లాటరైట్ తవ్వకాలు పెరిగి, ఆ పేరుతో బాక్సైట్ పోతోందన్న ఆరోపణలు రేగి, 2021లో వ్యవహారం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. ఈ గ్రామాలను షెడ్యూలులో కలపాలన్న కోరిక దశాబ్దాలది. రాష్ట్రపతి ఉత్తర్వుతో అయ్యే పని అది. రైవాడ జలాశయం ఉన్నది దేవరాపల్లి మండలంలోనే కనుక, ఈ కోరిక మీద విశాఖ నగరపాలక సంస్థ కూడా తీర్మానం చేసి పంపడానికి అన్ని కారణాలూ ఉన్నాయి.

ప్రజాభిప్రాయ సేకరణ పత్రాల సంగతి కూడా తేలాలి. పర్యావరణ ప్రభావ నివేదిక వందల పేజీల ఇంగ్లీషులో ఉంటుంది, సారాంశం తెలుగులో ఇస్తారు. కొండ ఊళ్లలో ఇంట్లో మాట్లాడేది కువి, పోర్జా, గదబ, ఆదివాసీ ఒడియా. సభను మండల కేంద్రంలో, పోలీసు బందోబస్తు మధ్య పెడతారు. 2011లో రాష్ట్రం తెచ్చిన పెసా నియమాలు భూసేకరణ మీద సంప్రదింపును మండల పరిషత్తు చేతిలో పెట్టాయి. ఏ గూడెం సభ ఆ గూడెంలోనే జరగాలి. అక్కడి భాషలో చదివి వినిపించాలి. ఏ ఊట ఏ నెలలో ఎంత పారుతుందో కొలిచి, తవ్వకం తర్వాత ఎంత మిగులుతుందో చెప్పాలి. ఆ కాగితం చేతికి వచ్చాక ఆలోచించుకోవడానికి ఒక పంటకాలమైనా గడువివ్వాలి. సర్వే బృందం కొండ ఎక్కేది ఆ తర్వాతే.